మధ్యాహ్నం కొలిమి, తెల్లవారుజామున వణుకు: ఎడారి గుడారంలో అసలేం జరుగుతుంది?

ఎడారిలో కాన్వాస్ గుడారంలో ఒక రోజు గడిపి వచ్చినవాళ్లను కదిపితే మాటలకు పొంతన కుదరదు. "లోపల ఉడికిపోయాం" అంటారు కొందరు. "రెండు రగ్గులు కప్పుకున్నా పళ్లు టకటకలాడాయి" అంటారు ఇంకొందరు. ఇద్దరూ దిగింది ఒకే గుడారంలో అయినా ఆశ్చర్యం లేదు. ఒకరు మధ్యాహ్నం మూడింటి సంగతి చెబుతున్నారు, ఇంకొకరు తెల్లవారుజామున నాలుగింటి సంగతి.

బుక్ చేసుకోవాలనుకునేవాళ్లను ఇంకా తికమక పెట్టేది ప్రకటనల భాష. కాన్వాస్ చల్లగా ఉంచుతుందని ఒకచోట, వెచ్చగా ఉంచుతుందని ఇంకోచోట, "ఊపిరి పీల్చుకునే గుడ్డ" అని మరోచోట రాస్తారు. మిల్లీమీటరు మందం కూడా లేని గుడ్డ ఇన్ని పనులెలా చేస్తుంది? నిజానికి అది వేడినీ చలినీ ఆపే గోడ కానే కాదు. మనకూ ఆకాశానికీ మధ్య అడ్డం నిలబడటమే అది చేసే పెద్ద పని. పగలు ఆ ఆకాశంలో సూర్యుడుంటాడు. రాత్రి ఏమీ ఉండదు. ఎడారి చలిలో పెద్ద భాగం ఆ ఏమీ లేకపోవడం వల్ల వచ్చేదే.

## కాన్వాస్ పేరుతో ఏమేం వస్తాయి

ముందే వేసి ఉంచిన గుడారం అంటే, మనం వెళ్లేసరికి మేకులు దిగి, తాళ్లు బిగిసి, మంచాలు వేసి సిద్ధంగా ఉండేది. చాలావరకు సీజనంతా అక్కడే నిలబడి ఉంటుంది. మధ్యలో ఒకే గుంజతో గంట ఆకారంలో ఉండేది బెల్ టెంట్. నిటారు గోడలు, వాలు కప్పుతో చిన్న ఇల్లులా ఉండేదాన్ని సఫారీ టెంట్ అంటారు, కొన్నిచోట్ల స్విస్ టెంట్ అంటారు.

కాన్వాస్ అనే మాట జనుములాంటి ఒక నారమొక్కకున్న లాటిన్ పేరు నుంచి వచ్చింది. ఇప్పుడు దాన్ని ఎక్కువగా పత్తి నూలుతో నేస్తున్నారు. పత్తి, పాలిస్టర్ కలిపి నేసింది పాలీకాటన్. పూర్తి పాలిస్టర్ గుడ్డను ముతకగా నేసి దాన్నీ కాన్వాస్ అనే అమ్ముతారు. ప్లాస్టిక్ పూత పూసిన బట్టకూ ఒక్కోసారి అదే పేరు. గుడ్డ బరువును జీఎస్ఎంలో చెబుతారు, అంటే చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందో. గుడారాల పత్తి కాన్వాస్ సుమారు 280 నుంచి 400 మధ్య ఉంటుంది. ఏ నూలు, ఎంత బరువు అన్నది అందం కోసం అడిగే ప్రశ్న కాదు. దాని సంగతి రాత్రి తేలుతుంది.

## థర్మామీటర్‌కు తెలియని వేడి

ఒక లెక్క వేసి చూద్దాం. నాలుగు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు ఉన్న గుడారం. లోపల దాదాపు 40 ఘనపు మీటర్ల గాలి. నడినెత్తి మీద ఎండ చదరపు మీటరుకు సుమారు 1000 వాట్లు కురిపిస్తుంది. అంటే కప్పు మీద పడేది 16 కిలోవాట్లు. అందులో చాలా భాగాన్ని లేతరంగు గుడ్డ వెనక్కి కొట్టేస్తుంది, ఇంకొంత బయటి గాలికి పోతుంది. ఎనిమిదో వంతే లోపలికి వచ్చిందనుకుందాం. అయినా 2 కిలోవాట్లు, అంటే పెద్ద గది హీటరు ఒకటి పగలంతా లోపల మండుతున్నట్టు.

40 ఘనపు మీటర్ల గాలి బరువు 48 కిలోల దగ్గర ఉంటుంది. అంత గాలిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఆ 2 కిలోవాట్లకు 24 సెకన్లు చాలు. తలుపులు, కిటికీలు మూసిన గుడారం అరగంటలో ఎందుకు కొలిమవుతుందో ఇక చెప్పక్కర్లేదు. లోపలి గాలి బయటికన్నా 5 డిగ్రీలకు మించి వేడెక్కకూడదంటే, గంటకు 1200 ఘనపు మీటర్ల గాలి కదలాలి. అంటే లోపలి గాలి మొత్తం రెండు నిమిషాలకోసారి మారాలి. వినడానికి అసాధ్యంగా ఉంటుంది గాని, చదరపు మీటరు కిటికీ గుండా సెకనుకు అర మీటరు వేగంతో గాలి వీస్తే గంటకు 1800 ఘనపు మీటర్లు వస్తుంది. సెకనుకు అర మీటరంటే దీపం రెపరెపలాడేంత గాలి, అంతే. కాకపోతే అది వచ్చే వైపు ఒక కిటికీ, పోయే వైపు ఇంకో కిటికీ తెరిచి ఉండాలి. తలుపు ఏ దిక్కుకు పెట్టాలన్నది ముందే వేసిన గుడారంలో మన చేతిలో ఉండదు. వేసినవాళ్లకు ఆ చోటు గాలి తెలిసుంటే మన అదృష్టం.

గాలి ఆడినా ఒక బాధ మిగులుతుంది. ఎండకు కాగిన కప్పు కింది వైపు పరారుణ కిరణాలుగా సెగ కక్కుతుంది. మంట పక్కన నిలబడితే, మధ్యలో గాలి చల్లగా ఉన్నా ముఖానికి తగిలేది అదే. గాలి 40 డిగ్రీలుండి, చుట్టూ ఉన్న గుడ్డ, నేల సగటున 48 ఉంటే ఒంటికి తెలిసేది సుమారు 44. థర్మామీటర్ 40 అంటుంది, ఒళ్లు ఒప్పుకోదు. దీనికే పాతకాలం నుంచీ రెండో కప్పు వేస్తున్నారు. అసలు కప్పుకు జానెడు పైన ఇంకో గుడ్డ లాగి కడతారు. ఎండంతా అది భరిస్తుంది, మధ్య సందులోంచి గాలి వేడిని ఎత్తుకుపోతుంది, లోపలి కప్పు నీడలో ఉంటుంది. గుడారం ఫొటో చూసి ఒక్క విషయమే తేల్చుకోవాల్సి వస్తే నేను మంచాలనూ దీపాలనూ చూడను, ఈ రెండో కప్పు ఉందా లేదా అని చూస్తాను.

## నల్ల గుడారమా, తెల్ల గుడారమా

ఇక్కడొక పాత తగాదా ఉంది. తెల్లది ఎండను వెనక్కి కొడుతుంది కాబట్టి అదే మేలన్నది బడిలో నేర్చుకున్న మాట. మరి ఎడారిలోనే పుట్టి పెరిగిన అరబ్ సంచారులు బెదూయిన్లు తరతరాలుగా నల్ల మేక వెంట్రుకల గుడారాల్లో ఎందుకున్నారు? వాళ్ల భాషలో దాని పేరుకు అర్థమే 'వెంట్రుకల ఇల్లు'.

1980లో నేచర్ అనే సైన్స్ పత్రికలో అచ్చయిన ఒక పరిశోధన తరచూ చర్చకు వస్తుంది. బెదూయిన్లు వేసుకునే నల్ల అంగీ, తెల్ల అంగీ రెండింటినీ నెగెవ్ ఎడారి ఎండలో పోల్చి చూశారు. నల్ల బట్ట ఎక్కువ వేడెక్కిన మాట నిజమే గాని, ఆ అదనపు వేడి ఒంటిదాకా రాకముందే గాలికి పోయింది. చర్మానికి చేరిన వేడి రెండింట్లోనూ ఒక్కటే. దీన్ని పట్టుకుని గుడారం నల్లగా ఉన్నా ఫరవాలేదని కొందరంటారు. అది వదులుగా వేలాడే అంగీ మీద చేసిన పరీక్ష. మూసిన గుడారానికి దాన్ని అంటగట్టడం కుదరదు. మేక వెంట్రుకల నేత వదులుగా ఉంటుంది, కప్పు ఎత్తు తక్కువ, పక్కలు ఎత్తి కట్టేస్తారు. వేడెక్కిన గాలి నేత సందుల్లోంచే పైకి పోతుంది. పైగా నల్లటి దట్టమైన గుడ్డ ఇచ్చే నీడ చిక్కగా ఉంటుంది, పల్చటి తెల్ల గుడ్డలోంచి వెలుతురుతో పాటు ఎండ వేడి కూడా లోపలికి దిగుతుంది. కాబట్టి రంగు ఒక్కటే గెలిపించదు, ఓడించదు. బిగుతుగా నేసి, నాలుగు వైపులా జిప్పులేసి మూసే ఇప్పటి గుడారానికి మాత్రం లేతరంగే నయం.

## కూలర్‌కు కిటికీ తెరవాలి, ఏసీకి మూయాలి

ఏసీ ఉందంటే సగం దిగులు తీరిందనుకుంటాం. ఒంటిపొర గుడ్డ వేడిని దాదాపు ఆపదు. మన గుడారానికి గోడలు, కప్పు కలిపి 50 చదరపు మీటర్లనుకుంటే, లోపలికీ బయటికీ ఒక్కో డిగ్రీ తేడాకు సుమారు 250 వాట్లు గుడ్డ దాటి వస్తాయి. బయట 40, లోపల 25 కావాలంటే 3750 వాట్లు, దానికి ఎండ తెచ్చే 2000 కలపండి. టన్నున్నర ఏసీ లాగేయగలిగేది సుమారు 5300 వాట్లు. మధ్యాహ్నమంతా ఆపకుండా తిరిగినా అది వెనకబడే ఉంటుంది.

పొడి గాలిలో నీటి కూలర్ సంగతి వేరు. మట్టికుండలో నీళ్లు చల్లబడే సూత్రమే దానిదీ. గాలి 40 డిగ్రీలు, తేమ 15 శాతం ఉన్నప్పుడు తడి గుడ్డ చుట్టిన థర్మామీటర్ 21 దగ్గర ఆగుతుంది. బాగా పనిచేసే కూలర్ గాలిని 25, 26 దాకా దించగలదు. అదే తేమ 60 శాతం ఉన్న చోట 36 డిగ్రీల గాలిని ఎంత తడిపినా 29 దాటి కిందికి రాదు. తీరం పక్కనున్న ఎడారుల్లో కూలర్ చేతులెత్తేసేది ఇందుకే. ఇంకో చిక్కుంది. కూలర్ వదిలే తడి గాలి బయటికి పోయే దారి లేకపోతే కాసేపట్లో లోపలంతా ఉక్కపోతే. ఏసీకి అలవాటైన చేతులు కూలర్ పెట్టగానే కిటికీ జిప్పులు లాగేస్తాయి, ఆపైన "కూలర్ పనిచేయట్లేదు" అంటాయి.

## రాత్రి: పైన తెరిచి ఉన్న కిటికీ

ఎడారి అంటే ఎండ ప్రాంతమని కాదు, వాన లేని ప్రాంతమని అర్థం. ఏడాదికి 250 మిల్లీమీటర్ల లోపు వాన పడితే ఎడారి కిందే లెక్క. అంటార్కిటికా కూడా ఎడారే. కాబట్టి రాత్రి ఎంత చలి వేస్తుందన్నది ఏ ఎడారి, ఏ నెల అన్న దాన్ని బట్టి ఉంటుంది. అమెరికాలోని డెత్ వ్యాలీలో జూలైలో 30 డిగ్రీల కిందికి దిగని రాత్రులు మామూలే. గోబీలో చలికాలం సున్నాకు 30 డిగ్రీలు కిందికి పోతుంది.

చాలా ఎడారుల్లో పొద్దు వాలగానే చలి ఎందుకు దూకుతుంది? ఇసుక త్వరగా చల్లారుతుందన్నది అందరూ చెప్పే జవాబు. అందులో నిజముంది, కానీ సగమే. నేల నుంచి పైకి పోయే పరారుణ కిరణాలను కొంత పట్టి వెనక్కి పంపేది గాలిలోని నీటి ఆవిరి, మబ్బులు. అవి రెండూ లేకపోతే వేడి నేరుగా అంతరిక్షంలోకి పోతుంది. దుప్పటి తీసేసిన మంచంలా ఉంటుంది నేల. ఇరాన్ ఎడారుల్లో యఖ్చాల్ అనే మంచు దాచే కట్టడాల పక్కన లోతు తక్కువ గుంటల్లో నీళ్లు నింపి, పగలు గోడ నీడలో ఉంచి, చలికాలపు రాత్రి ఆకాశానికి అప్పగించి మంచుగడ్డలు చేసుకునేవాళ్లు.

తేటగా ఉన్న ఎడారి ఆకాశం కిందికి పంపే కిరణాలు, గాలి 8 డిగ్రీలున్న రాత్రి, సున్నాకు 15 డిగ్రీలు కింద ఉన్న ఒక కప్పు పంపేవాటితో సమానం కావచ్చు. అలాంటి ఆకాశం కింద ఆరుబయట పడుకుంటే, గాలి అంత చల్లగానే ఉన్న రగ్గు పైభాగం కూడా చదరపు మీటరుకు సుమారు 100 వాట్లు పైకి పారేసుకుంటుంది. నిద్రలో మన ఒళ్లు మొత్తం పుట్టించే వేడి 70, 80 వాట్లే. మధ్యలో గుడ్డ అడ్డం వస్తే? కప్పు చల్లబడి 4, 5 డిగ్రీలకు దిగుతుంది, మన నష్టం 20 వాట్ల లోపుకు పడిపోతుంది. గుడారం రాత్రి చేసే మేలంతా దాదాపు ఇదే.

కానీ లోపలి గాలిని అది వెచ్చబెట్టలేదు. ఇద్దరు మనుషుల 150 వాట్లను డిగ్రీకి 250 వాట్లు పారేసే గుడ్డతో పోల్చండి. పెరిగేది ఒక డిగ్రీ కూడా ఉండదు. 1500 వాట్ల హీటరు పెట్టినా 6 డిగ్రీలు. అందుకే గుడారంలో చలిని గెలిచేది గదిని వేడిచేసి కాదు, కప్పుకునేదాంతో, కింద వేసుకునేదాంతో. మడత మంచం ఎత్తుగా ఉంటే చాలదు. కింద గాలి ఆడుతుంది కాబట్టి పరుపు పల్చగా ఉంటే వీపు కిందినుంచే చలి ఎక్కుతుంది.

## ఉచ్ఛ్వాస నిశ్వాసల లెక్క

ఒకసారి ఎడారి గుడారంలో తెల్లవారుజామున మెలకువ వచ్చి కప్పు లోపలి వైపు వేళ్లు ఆనించాను. చుక్క తడి లేదు. కానీ గుడ్డ మెత్తబడి, బరువెక్కి, సరిగ్గా ఆరని బట్టలా చల్లగా ఉంది. ముందురోజు మధ్యాహ్నం అదే గుడ్డ ఎండుటాకులా గలగలలాడింది. బయట తాళ్లు కూడా రాత్రికి రాత్రి బిగుసుకుపోయాయి. పత్తి తాడు తేమ తాగితే కురచవుతుంది. నైలాన్ తాడైతే అందుకు విరుద్ధంగా సాగుతుంది.

ఆ తేమ ఎక్కడిదంటే, చాలావరకు మాదే. నిద్రలో ఒక్కొక్కరి నుంచి ఊపిరి ద్వారా, చర్మం ద్వారా రాత్రికి 200 నుంచి 300 గ్రాముల నీళ్లు గాలిలో కలుస్తాయి. ఇద్దరుంటే అర లీటరు. 8 డిగ్రీల దగ్గర 40 ఘనపు మీటర్ల గాలి మోయగలిగే ఆవిరి మొత్తం 330 గ్రాములు. అందులో కొంత ముందే ఉంటుంది. మిగిలింది ఎక్కడికి పోవాలి?

పత్తి గొప్పదనం ఇక్కడే కనిపిస్తుంది. 350 జీఎస్ఎం గుడ్డ 50 చదరపు మీటర్లంటే పదిహేడున్నర కిలోలు. పత్తి పోగు తన బరువులో పదో వంతు ఆవిరిని అదనంగా తాగినా పైకి తడి తెలియదు. అంటే ఒకటిముప్పావు లీటర్ల నీళ్లను గుడారమే చప్పుడు లేకుండా మింగి, పొద్దెక్కాక ఎండకు వదిలేస్తుంది. అంతే బరువున్న పాలిస్టర్ గుడ్డ తాగేది ఒక చిన్న గ్లాసుడు కూడా ఉండదు. మిగతాదంతా కప్పుకు చెమటలా పట్టి మొహం మీద చుక్కలు పడుతుంది. "ఊపిరి పీల్చుకునే గుడ్డ" అన్న మాటలో నిజమెంతో ఇదే. పత్తి బాగా పీలుస్తుంది, పాలీకాటన్ కొంత, పూత పూసినవి అసలు లేదు.

## గాలి, ఇసుక, అరుదుగా వాన

గాలి వేగం రెట్టింపైతే గోడ మీద బలం నాలుగింతలవుతుంది. గంటకు 36 కిలోమీటర్ల గాలి, 8 చదరపు మీటర్ల గోడను సుమారు 50 కిలోల బరువుతో నెడుతుంది. 72 కిలోమీటర్లయితే అది 200 కిలోలకు చేరుతుంది. పొడి ఇసుకలో దిగ్గొట్టిన మేకు దాన్ని ఆపలేదు. అందుకే ఇసుక నింపిన సంచిని తాడుకు కట్టి అడ్డంగా పాతిపెడతారు. మేకుకు అంటుకునేది చారెడు ఇసుక, సంచి మీద కూర్చునేది గంపెడు.

ఎగిరే ఇసుక గురించి భయం ఎక్కువ, తెలిసింది తక్కువ. 1930ల్లో లిబియా ఎడారిలో తిరిగిన బ్రిటిష్ సైనిక ఇంజినీరు రాల్ఫ్ బాగ్నోల్డ్ దీన్ని పరిశీలించి లెక్కలు కట్టాడు. ఇసుక రేణువులు పొగలా పైకి లేవవు, కప్పల్లా గెంతుతూ పోతాయి. ఎక్కువ భాగం మోకాలి ఎత్తు దాటదు. వేదిక మీద ఎత్తుగా వేసిన గుడారానికి సగం ఇసుక అందదు. జిప్పు పళ్ల మధ్య, దిండు మీద చేరేది ఇసుక కాదు, అంతకన్నా మెత్తటి ధూళి. దాన్ని ఏ నేతా పూర్తిగా ఆపదు.

వాన మాట ఎడారిలో నవ్వులాటగా తోస్తుంది గాని పత్తి కాన్వాస్ దానికి సిద్ధంగానే ఉంటుంది. తడిస్తే పోగులు ఉబ్బి నేతలో సందులు మూసుకుపోతాయి. కొత్త గుడారం మొదటి వానకు కాస్త కారడం, తర్వాత ఆగిపోవడం అందుకే. లోపలి నుంచి వేలు తగిలిస్తే అక్కడ కారుతుందన్నది పాతవాళ్ల హెచ్చరిక. మైనం లాంటి పూతలున్న గుడ్డకు ఆ భయం లేదన్నది ఇప్పటివాళ్ల వాదన. పూత కొత్తగా ఉన్నంతకాలం రెండోవాళ్లదే నిజం. ఎండలో నెలలపాటు నిలబడ్డ గుడారంలో మొదటివాళ్లదే గెలుపు. వానలో అసలు ప్రమాదం కప్పు నుంచి రాదు. ఎండిన వాగు అడుగు చదునుగా, మెత్తగా, గాలి తగలకుండా గుడారానికి భలే చోటులా కనిపిస్తుంది. ఎక్కడో కనుచూపు మేరకు అవతల కురిసిన వాన, ఇక్కడ ఆకాశం తేటగా ఉండగానే, ఆ వాగు వెంట వచ్చేస్తుంది.

## నిప్పు దగ్గర రెండు అపోహలు

మొదటిది, ఇప్పటి కాన్వాస్ కాలదని. 1944 జూలై 6న అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో సర్కస్ డేరా అంటుకుని 160 మందికి పైగా చనిపోయారు. వాన నీళ్లు దిగకుండా ఆ గుడ్డకు పారాఫిన్ మైనాన్ని గ్యాసోలిన్‌లో కరిగించి పూశారు. ఆ తర్వాత గుడారాల బట్టకు మంట పరీక్షలు వచ్చాయి, అమెరికాలో సీపీఏఐ-84 అలాంటి ప్రమాణమే. వాటిలో నెగ్గిన గుడ్డ అంటే, మంట తీసేస్తే తనంతట తాను ఆరిపోయేది అని. మంటలో పెట్టినా కాలనిది అని కాదు. ఎండకూ వానకూ ఆ మందు బలం కొన్నిరకాల్లో తగ్గుతూ వస్తుంది కూడా.

రెండోది ఇంకా ప్రమాదం. గుడ్డ ఊపిరి పీల్చుకుంటుంది కదా, చలికి లోపల కుంపటి పెట్టుకుంటే ఏమవుతుందని. గుడ్డ నెమ్మదిగా ఆవిరిని దాటించడం వేరు, బొగ్గు వదిలే కార్బన్ మోనాక్సైడ్‌ను అంత వేగంగా బయటికి పంపడం వేరు. పైగా తెల్లవారుజామున తేమ తాగి ఉబ్బిన పోగులు ఆ కాస్త సందునూ బిగిస్తాయి. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మండుతున్న కట్టెలైతే పొగకు కళ్లు మండి ఎవరైనా లేస్తారు. మంట అయిపోయిందని లోపలికి తెచ్చిపెట్టుకునే, పైన బూడిద తేలిన బొగ్గులు అలా లేపవు. నివురుగప్పిన నిప్పుకు పొగ ఉండదు, మోనాక్సైడ్ మాత్రం చివరి కణిక ఆరేదాకా వస్తూనే ఉంటుంది.